ఎద్దుకు సోమవారం, మాకు ఆదివారం

మొన్న ఆదివారం గుడిలో నాకు నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది. ప్రొద్దుటూరులో మా గుడి చిన్నది, నవ్వు దాచుకోవడానికి చోటు లేదు.

చాలా నాళ్లకు వాన పడి రెండు రోజులయింది. మా పాస్టరు కొత్తగా వచ్చిన పిల్లవాడు, మంచివాడు. ఆ రోజు విశ్రాంతి దినం గురించి చెబుతున్నాడు. ఆరు రోజులు పని, ఏడో రోజు విశ్రాంతి అని ఆయన చెయ్యెత్తి చెబుతుండగానే మగవాళ్ల వైపు ఒకరి జేబులో ఫోను గుర్రుమంది. ఆ మనిషి తల వంచుకుని బయటికి నడిచాడు. కాసేపటికి ఇంకొకాయన. బయట రోడ్డు మీద ట్రాక్టరు ఆగింది. "బిన్నా రాన్నా, మళ్ల ఇంకో చేనికి పోవాల" అని డ్రైవరు కేక. పాస్టరు గొంతు పెంచాడు. ట్రాక్టరు కూడా పెంచింది. అప్పుడు నవ్వాను.

ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నేనేమన్నా తప్పు చెప్పినానా?" అని అడిగాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"లేదు నాయనా, నువ్వు సరిగ్గానే చెప్పినావు. నాకు ఒక ఎద్దు గుర్తొచ్చింది, అంతే."

ఏ ఎద్దు అని అడగబోయాడు గానీ ఎవరో పసిబిడ్డను ప్రార్థనకు తెచ్చారు, మాట అక్కడే ఆగిపోయింది. ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను. నేను ఆస్పత్రిలో నర్సుగా పని చేసి రిటైరయిన మనిషిని, నా జీతం రోజుల్లో సగం ఆదివారాలు డ్యూటీలోనే గడిచాయి. అందుకని విశ్రాంతి గురించి మాట్లాడే హక్కు నాకు ఎక్కువ ఉందో తక్కువ ఉందో నాకే తెలియదు.

నేను చెప్పే ఊరు జమ్మలమడుగుకు పడమట ఉండేది. ఇప్పుడు లేదు. రిజర్వాయరు కట్టాక నీళ్లొచ్చి ఇళ్లూ చేలూ మునిగాయి, మనుషులు తలా ఒక కాలనీకి చెదిరిపోయారు. అప్పట్లో ఊరు ఒక పక్క, మా పల్లె ఒక పక్క, మధ్యలో వంక, వానకు పారే చిన్న వాగు. మా పల్లెలో ఉన్నవాళ్లమంతా కిరస్తానీలమే. నాపరాళ్లతో కట్టిన ఒంటి గది మా గుడి. వారంలో మిగతా రోజులు అదే బడి.

మా నాయనను కన్నవాళ్లను జేజి, అబ్బ అని పిలిచేవాళ్లం. ఇంట్లో ఆరు రోజులు జేజి మాట చెల్లేది, ఆదివారం మాత్రం అబ్బ మాట.

శనివారం సాయంత్రం మా పొయ్యికి తీరిక ఉండేది కాదు. జేజి పొద్దు వాలక ముందే జొన్న రొట్టెలు తట్టడం మొదలుపెట్టేది. తపతపమనే ఆ చప్పుడు, పెనం మీద కాలే పిండి వాసన, పక్కన వేయించిన చెనిక్కాయల్లో ఎర్రకారం, తెల్లగడ్డలు వేసి రోట్లో నూరే వాసన, అన్నీ కలిసి వంక దాకా పోయేవి. సంగటి కూడా అప్పుడే కెలికి ఒక కుండలో పెట్టేది. ఎందుకంటే తెల్లారితే పొయ్యి రాజేయరు, రోలు ముట్టరు, పరక పట్టి ఊడవరు. ఆదివారం పొద్దున సద్ది సంగటిని మజ్జిగలో పిసుక్కుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి గుడికి పోవడమే. ఇప్పటికీ ఎక్కడైనా చల్లారిన బూడిద వాసన వస్తే నాకు ఆదివారమనే అనిపిస్తుంది.

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఊరుకోదు. పని అంటే ఏంది, పని కానిది ఏంది అని జేజిని పీక్కుతినేదాన్ని. రేగ్గాయలు కోయడం పనా? పేలు చూడటం పనా? అచ్చనగాయలు ఆడితే?

"జేజీ, కోడి ఈ పొద్దు గుడ్డు పెట్టింది. అది పనే గదా?"

"గమ్మునుండు మే."

"మరి ఆ గుడ్డు తినొచ్చునా?"

"రేపు తిను."

ఒక ఆదివారం గుడి గంట కొట్టే వేళకు సరిగ్గా మా మేక ఈనడం మొదలుపెట్టింది. జేజి తెల్లచీర కొంగు నడుముకు చెక్కి దాని పక్కన కూర్చుంది, గుడికి పోలేదు. మేక ఆజ్ఞ మీరిందని నేనూ మా తమ్ముడూ పల్లెంతా చాటి వచ్చాం. "అది ఏ దినమో మేకకు తెలుసా మే?" అని జేజి కసిరింది. ఆ మాట నన్ను పట్టుకుంది. మేకకు తెలియకపోతే ఎద్దుకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? మా ఇంట్లో ఎద్దుకు కూడా ఆదివారం సెలవే మరి.

మాకున్నది ఒకటే ఎద్దు, ఎర్రది. జేజి పుట్టిల్లు పులివెందుల వైపు. అక్కడి నుంచి దూడగా తోలుకొచ్చి, తను తాగే గంజిలో దానికీ పోసి పెంచింది. ఒక ఎద్దుతో సేద్యం కాదు, రెండోదాన్ని కొనే తాహతు మాకు లేదు. ఊళ్లో ఒక రెడ్డికి కూడా అలాగే ఒకటే మిగిలింది, తెల్లది. దాని జోడు అంతకు ముందు కరువులో చచ్చిపోయింది. ఆ రెడ్డి తాత కాలంలో వాళ్లది పెద్ద ఇల్లు. తర్వాత అన్నీ జారిపోయి, ఆయన వంతుకు మా చేని పక్కన కొంత రేగడీ, ఆ తెల్లెద్దూ మిగిలాయి. ఊరు ఆయనను ఒంటెద్దు రెడ్డి అని నవ్వేది. మా అబ్బా ఆయనా ఎద్దులకు పొత్తు కలుపుకున్నారు. రెండింటినీ ఒక కాడికి కట్టి ఒక రోజు మా చేను, ఒక రోజు వాళ్ల చేను చేసుకునేవాళ్లు.

ఎద్దులకు కుదిరినంత పొత్తు మనుషులకు కుదరలేదు. రెడ్డి మా ఇంటికి వస్తే వాకిలి బయట పాతిన గుంజను ఆనుకుని నిలబడేవాడు. పక్కనే బండ ఉన్నా కూర్చునేవాడు కాదు. మా ఇంట్లో నీళ్లు ముట్టేవాడు కాదు. చెడ్డవాడని చెప్పను. నవ్వుతూ మాట్లాడేవాడు, చేని గట్టు మీద రేగ్గాయలు కోసి తెచ్చి నా దోసిట్లో పోసేవాడు. పైనుంచి పోసేవాడు.

చిక్కేమిటంటే వాళ్లింట్లో సోమవారం ఎద్దుకు కాడి కట్టరు. మా సీమలో చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే అది, సోమవారం బసవన్న దినం. మనుషులు ఏ పనైనా చేసుకోవచ్చు, ఎద్దు మెడ మీద మాత్రం కాడి పెట్టకూడదు. ఆ రోజు తెల్లెద్దును కడిగి, నుదుట బొట్టు పెట్టి, దాని ముందు మేత వేసి వదిలేసేవాళ్లు. మా ఎర్రెద్దుకు ఆదివారం సెలవు, దానికి సోమవారం సెలవు. దాంతో ఆ జోడీ వారంలో రెండు రోజులు ఊరికే నిలబడేది. ఇద్దరు దేవుళ్ల ఎద్దులని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. మామూలు రోజుల్లో దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

ఆ ఏడు వాన మొండికేసింది. జేజి విత్తనం జొన్నలను కడవలో పోసి, పైన బూడిద పరిచి, మూతకు పేడ మెత్తి అటక మీద పెట్టింది. ఎండాకాలం దాటాక ఇంట్లో తిండి గింజలు అడుగంటాయి, మేం సగం కడుపుతో పడుకున్నాం. ఒక రోజు మా తమ్ముడు కడవ వైపు చెయ్యి చూపించి ఏడ్చాడు. జేజి తన ముద్ద తీసి వాడి తట్టలో పెట్టింది గానీ కడవ దించలేదు. ఆ కడవ తప్ప మాకు ఇంకో విత్తనం లేదు. అది మొలిస్తే మరుసటి ఏడు తింటాం, మొలవకపోతే ఊరు విడిచి కూలికి పోవాలి. ఆ సంగతి పిల్లలకు కూడా తెలుసు.

దసరా ముందు ఒక గురువారం వాన కురిసింది. రెండు రోజులు రేగడి కాళ్లకు పట్టుకుని ఎద్దులు దిగలేనట్టు ఉండింది. శనివారం సాయంత్రం అబ్బ చేని నుంచి గుప్పెడు మట్టి తెచ్చి వాకిట్లో పిసికి చూశాడు. ముద్ద కట్టింది, వేలితో నొక్కితే పొడిగా విడింది. పదునంటే అదే, తడీ కాదు, ఆరుడూ కాదు. విత్తితే అప్పుడే విత్తాలి. ఇంతలో పడమటి గాలి మొదలైంది. రేగడిని ఆ గాలి ఎంత త్వరగా ఆరబెడుతుందో మా పల్లెలో అందరూ ఎరిగిందే.

ఒంటెద్దు రెడ్డి వచ్చి గుంజ దగ్గర నిలబడ్డాడు.

"రేపు తెల్లారే కడదామప్పా."

"రేపు ఆదివారం రెడ్డీ," అన్నాడు అబ్బ.

"తెలుసులేప్పా. పోనీ ఎల్లుండా?"

"ఎల్లుండికి నేనుండా, ఎర్రెద్దుండాది."

"ఎల్లుండి సోమారం. తెల్లెద్దుకు కాడి కట్టేది ల్యా."

ఇద్దరూ కాసేపు ఆకాశం వైపు చూశారు, అక్కడ ఇంకో దినమేమైనా మిగిలి ఉందేమో అన్నట్టు.

"మంగళారానికి పదును యాడుంటాది?" అంది జేజి లోపలి నుంచి.

రెడ్డికి చిరాకెత్తింది. "నీకు సెలవు, సరే. నీ ఎద్దుకేం వచ్చిందప్పా? అది గుడికి పోయి పాట పాడతాదా?"

"ఎద్దుకు గూడా సెలవని మా వాక్యంలో ఉండాది."

"ఎద్దని పేరు పెట్టి చెప్పినాడా మీ దేవుడు?"

"చెప్పినాడు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ పనోళ్లు, నీ ఎద్దు, నీ గాడిద, నీ గడప లోపలుండే పరదేశి, ఎవురూ ఆ దినం పని చేయగూడదన్నాడు."

రెడ్డి చిరాకు ఎటు పోయిందో పోయింది. గుంజను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. "ఎద్దును తలుచుకునేది బసవన్న ఒక్కడే అనుకుంటి. గాడిదను గూడానా?"

"గాడిదను గూడా."

"గాడిదకు సెలవిచ్చినోడు మంచోడేలే. ఆ పరదేశి ఎవురుప్పా?"

"బయటోడు. మనోడు కానోడు. ఏ పని మీదనో మన గడపలోకి వచ్చినోడు."

"బయటోనికి గూడానా!" అని రెడ్డి తనలో తనే నవ్వుకున్నాడు. విత్తనం మాట తేలకుండానే వంక దాటి వెళ్లిపోయాడు.

ఆదివారం జమ్మలమడుగు నుంచి ఆరాధన జరిపించే అయ్యగారు సైకిలు మీద వచ్చారు. గుడిలో అబ్బ ముందు వరుసలోనే కూర్చున్నాడు గానీ చూపంతా కిటికీ మీదే. బయట గాలికి వేపకొమ్మలు ఊగుతున్నాయి. ఇంటికి వచ్చి వాకిట్లో చతికిలబడ్డాడు. చేతులు ఊరుకోవడం లేదు, నేల మీద మట్టి గీకి గీకి వేళ్లతో నలుపుతున్నాడు. "కూకున్న్యాడంట," అని జేజి నాతో గొణిగింది, "మనిషి ఈడ, పానం చేనులో. ఇదేం ఇస్రాంతో."

నాకూ అదే సందేహం. అయ్యగారు మా ఇంట్లో చల్లారిన రొట్టె తింటుంటే ఆయన ముందు కూర్చున్నాను.

"అయ్యగారూ, దేవుడు ఏడో దినం పండుకున్నాడా?"

"లేదమ్మా. దేవునికి అలుపు లేదు."

"అలుపు లేకుంటే ఇస్రాంతి ఎందుకు?"

అయ్యగారు రొట్టె తుంచబోయి ఆగారు. "మీ జేజి రొట్టె కాల్చినాక ఒకసారి ఎత్తి చూస్తాది, చూసినావా? బాగా వచ్చిందని తనలో అనుకుంటాది. అట్లా. చేసినదాన్ని చూసుకున్నాడు, బాగుందనుకున్నాడు."

"దానికి ఒక దినమంతా పడ్తాదా?"

"చేసింది చిన్నదా మే?" అని ఆయన నవ్వారు. నాకు పూర్తిగా తృప్తి కలగలేదు.

మా నాయన ఉండబట్టలేకపోయాడు. "అయ్యగారూ, మీరన్నా చెప్పండి. పదును పోతాంది. రేపు ఆ ఎద్దుకు కాడి కట్టరు. ఈ పొద్దు తప్పితే ఆ కడవలో గింజలు మట్టిపాలే."

అయ్యగారు అటక వైపు చూశారు, మా తమ్ముడి డొక్కల వైపు చూశారు. తర్వాత అన్నారు. "గొర్రె గుంతలో పడితే ఇస్రాంతి దినమైనా తీయండనే ప్రభువు చెప్పినాడు. ఇదీ గుంతే పెద్దాయనా. కట్టుకోండి. నేను ప్రార్థన చేసి పంపిస్తా."

నాయన పలుపుతాడు కోసం లేచాడు. గుంజ దగ్గర అలికిడైంది. ఒంటెద్దు రెడ్డి ఎప్పుడు వచ్చాడో వచ్చి నిలబడి ఉన్నాడు. అయ్యగారి చేత అబ్బకు చెప్పిద్దామని వచ్చినట్టున్నాడు, ఆ మాట విని ఆయన ముఖం విప్పారింది. అబ్బ మాత్రం లేవలేదు.

"మీరు చెప్పింది నిజమే అయ్యగారూ. దేవుడు కొట్టడు, నాకు తెలుసు. నేను దేవునికి భయపడి కూకోల్యా."

"మరి ఎందుకు?"

అబ్బ తలెత్తకుండా, మట్టి నలుపుకుంటూనే చెప్పాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేను అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"మా నాయన పెద్దింట్లో జీతానికి ఉండె. నేను లేయక ముందే పోయేటోడు, నేను నిద్ర పోయినాక వచ్చేటోడు. పండగొస్తే ఇంకా పని. మా నాయన ఎట్లుంటాడో పగటిపూట చూసి ఎరగను నేను. ఆ కాలంలోనే మావోళ్లు ఈ మతంలో కలిసిరి. మా నాయన పోయి, ఆదివారం నేను పనికి రాను సామీ అని చెప్పినాడు. కొట్టినారు. గింజలు ఆపినారు. శానా నాళ్లు ఆకులు ఉడకేసుకుని తింటిమి. ఆయన పోల్యా. ఎద్దులు ఆయన మాట తప్ప వినవు, కడాకు వాళ్లే సరేననిరి. మొదటి ఆదివారం మా నాయన ఇంట్లో కూకున్న్యాడు. చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీల్యా ఆయనకు. ఎండలో ఊరికే కూకున్న్యాడు. నేను పక్కన కూకోని చూస్తాండా. మా నాయన చెవి మీద పుట్టుమచ్చ ఉందని ఆ పొద్దు చూసినా అయ్యగారూ. అదేదో నాకు చేను రాసిచ్చినట్టు ఉండె. ఆ దినాన్ని జొన్నలకు ఇచ్చేయమంటే నా చేత కాదు."

నాయన పలుపుతాడును మేకుకు తగిలించాడు. అయ్యగారు రొట్టె పక్కన పెట్టి, అబ్బ దగ్గరగా జరిగి కూర్చున్నారు. నాకు మాత్రం అబ్బ చెవి చూడాలనిపించింది. వంగి చూశాను. మచ్చ లేదు. కానీ చెవి తమ్మెలో ఎప్పుడో పూడిపోయిన పోగు రంధ్రం ఉంది. రోజూ ఆయన పక్కలో పడుకునే నేను అది అంతకు ముందు చూడలేదు.

గుంజ వైపు చూస్తే రెడ్డి లేడు. పెద్దిల్లు అంటే ఎవరి ఇల్లో జేజి ఆ సాయంత్రం చెప్పింది. ఆ రెడ్డి తాతదే.

సోమవారం ఇంకా ఎండెక్కక ముందే చేని దగ్గర్నుంచి నాయన కేక వినిపించి అందరం పరుగెత్తాం. ఒంటెద్దు రెడ్డి విత్తే గొర్రును భుజాన మోసుకొచ్చి చేని గట్టున దించాడు. చేతిలో తాడుంది, తెల్లెద్దు లేదు.

"ఎద్దేది రెడ్డీ?" అన్నాడు అబ్బ.

"దానికి సెలవు. నాకు కాదు గదా. ఎర్రెద్దును ఆ పక్క కట్టు. ఈ పక్క నేనుండా."

అబ్బ గొర్రుకు అడ్డం నిలబడ్డాడు. "వొద్దు రెడ్డీ, ఊరు నవ్వుతాది."

"నవ్వనీలే. ముందు నీ చేను పట్టు. నీది మిట్ట, బిన్నా ఆరుతాది."

ఒక్క మనిషి వల్ల ఎక్కడవుతుంది? నాయన కూడా కాడికి అదే పక్క దూరాడు. ఆ పక్క ఎర్రెద్దు, ఈ పక్క కాడి కింద రెడ్డి భుజం, పక్కన మా నాయన భుజం. అబ్బ గొర్రు పట్టాడు. జేజి కడవ దించుకొచ్చి, మూత మీద పేడ పగలగొట్టి, ఒడి నింపుకుని గొర్రు వెనక నడుస్తూ గొట్టాల పైన గిన్నెలా ఉండే జడ్డిగంలో గింజలు వదిలింది. ఎర్రెద్దుకు ఈ జోడు అర్థం కాలేదు. మెడ తిప్పి రెడ్డిని వాసన చూసింది, నాలుగడుగులు వేసి మళ్లీ చూసింది. రెడ్డికి దానితో సమంగా నడక కలవడానికి చాలాసేపు పట్టింది.

ఊరి జనం గట్టు మీద చేరారు. "కొత్త కోడె బాగుండాదే, యాడ కొన్న్యావుప్పా?" అని ఎవరో అరిచారు. రెడ్డి తల తిప్పకుండా ఎద్దులాగే అంబా అన్నాడు. మేం పిల్లలం నేల మీద పడి నవ్వాం. నవ్వని మనిషి అబ్బ ఒక్కడే. సాలు మలుపు తిరిగిన ప్రతిసారీ, "చాలు రెడ్డీ, దించు" అనేవాడు. ఆయన వినేవాడు కాదు.

మధ్యలో నాకు ఒక కోరిక పుట్టింది. వంక దాటి, ఊరి చివర రెడ్డి వాళ్ల గొడ్ల చావిడి దగ్గరికి పోయి తొంగి చూశాను. తెల్లెద్దు నుదుట బొట్టుతో, కళ్లు సగం మూసి, తీరిగ్గా నెమరు వేస్తోంది. దానికి చేని సంగతి తెలియదు, పదును సంగతి తెలియదు, దాని బదులు ఎవరు కాడి మోస్తున్నారో తెలియదు. సెలవు అడిగి తెచ్చుకున్నదీ కాదు, సంపాదించుకున్నదీ కాదు. జేజి మా అబ్బలో వెతికిన విశ్రాంతి నాకు దాని ముఖంలో కనిపించింది. చాలాసేపు నిలబడి చూసి, మళ్లీ పరుగెత్తాను.

మిట్ట మధ్యాహ్నం దాటాక మా చేను అయింది. రెడ్డి చేనిలో కొంత అయ్యేసరికి పొద్దు కుంకింది, ఎర్రెద్దు ఇక కదలనంది. మిగతాది మంగళవారం రెండెద్దులతో విత్తారు. అప్పటికే గాలి దాని పని అది చేసేసింది. పైరు లేచాక గట్టు మీద నిలబడితే తేడా తెలిసేది. మా జొన్న ఒత్తుగా, ఆయన మంగళవారం విత్తిన జొన్న అక్కడక్కడా. ఆ ఏడు మేం కూలికి పోలేదు, కడుపు నిండా తిన్నాం. రెడ్డి వాళ్లు అరకొరగా గడిపారు. ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నూర్పిళ్లప్పుడు అబ్బ చెప్పాపెట్టకుండా బస్తాలు వాళ్ల చావిడిలో దించి వచ్చాడు. ఆయన దాని గురించీ మాట్లాడలేదు.

పంట మాట ముందే చెప్పేశాను. ఎద్దును తలుచుకుని నేను నవ్వింది ఆ పంట గురించి కాదు. విత్తిన తర్వాత వచ్చిన ఆదివారం గురించి.

గుడి నుంచి వచ్చి సంగటి తాగి, అందరం వాకిట్లో ఉన్నాం. ఒంటెద్దు రెడ్డి వంక దాటి వస్తున్నాడు. ఎప్పటిలాగా గుంజ దగ్గర ఆగుతాడనుకున్నాం. ఆగలేదు. బండ దగ్గర చెప్పులు విడిచాడు. మా ఇంటి గుమ్మం పొట్టిది, తల వంచి దూరాలి. వంగేటప్పుడు అంగీ పక్కకు జారి భుజం కనిపించింది. కాడి ఒరుసుకుని అక్కడంతా కదుము కట్టి నల్లబడి ఉంది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి నిలబడ్డాడు.

జేజి బిత్తరపోయి లేచింది. "ఏంది సామీ? ఏమయింది?"

"ఏమీ కాల్యా." ఆయన అబ్బ వైపు తిరిగాడు. "గడప లోపలుండే పరదేశికి గూడా సెలవంటివే. గుంజ కాడ నిలబడుకుంటే ఆ లెక్కలోకి రానేమోనని వచ్చినా. ఒళ్లంతా పుండుగా ఉందప్పా. ఇంట్లో ఉంటే ఏదో ఒక పని తగుల్తాది."

అబ్బ లేచి, మూలన చుట్టి పెట్టిన తన చాపను తనే తెచ్చి పరిచాడు. రెడ్డి దాని మీద ఒక పక్కకు ఒరిగాడు, నొప్పి లేని భుజం వైపు. జేజి చెంబుతో నీళ్లు తెచ్చే లోపలే నిద్ర పోయాడు. గురక మొదలైంది. చెంబు ఆయన తల దగ్గర పెట్టింది జేజి. లేచాక ఆ చెంబెత్తి నీళ్లు తాగే పోయాడు, అది తర్వాతి మాట.

అబ్బ చాప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ పూట ఆయన వేళ్లు మట్టి గీకలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని, నిద్రపోతున్న ఆ ముఖం వైపే చూస్తున్నాడు. నేను పోయి ఆయన చెవిలో అడిగాను.

"ఏం చూస్తాండావు అబ్బా? చెవి మీద మచ్చ ఉండాదా?"

"గమ్మునుండు మే," అన్నాడు అబ్బ. "మనిషి పండుకున్న్యాడు."

ఆస్పత్రిలో ఎన్నో ఆదివారాలు వార్డులో లైట్లు తగ్గించి, నిద్రపోతున్న వాళ్ల ముఖాలు చూస్తూ నడిచాను. వాళ్లెవరో, ఏ ఊరి వాళ్లో నాకు తెలిసేది కాదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నా నోట మా అబ్బ మాటే వచ్చేది. రేపు ఆదివారం ఆ చిన్న పాస్టరు ఏ ఎద్దమ్మా అని మళ్లీ అడిగితే, ముందు ట్రాక్టరు డ్రైవరును లోపలికి పిలిచి కూర్చోబెట్టమంటాను. మొన్న కిటికీలోంచి చూశాను, ఆ డ్రైవరు పిల్లవాడికి నిద్ర చాలక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.